మూడు కాళ్ళ సామెత

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుందని మనకొక సామెత. మనుషుల విషయంలో అది ఎంత నిజమో గాని, గుర్రం విషయంలో మాత్రం నాకు దానితో తగవుంది. కుంటడం గుర్రం వేసే వేషమనీ, రౌతు గట్టివాడైతే నాలుగో కాలు దానంతటదే నేలకు దిగుతుందనీ అందులోని భావం. వేటాడే మృగాలకు ఆహారమైన జాతి గుర్రానిది. అది నొప్పిని దాచుకుంటుందేగాని లేని నొప్పిని ప్రదర్శించదు. దాచుకోగా మిగిలినదే మన కంటబడే ఆ "కొద్దిపాటి కుంటు".

ఇదంతా ఎందుకంటే, హైదరాబాదు పరిసరాల్లోని స్వారీబడులకు మలక్‌పేట వంటి పందెపు మైదానాల నుంచి వచ్చి చేరే గుర్రాలు తక్కువేమీ కావు. థరోబ్రెడ్ గుర్రాన్ని రెండేళ్ళ ప్రాయంలోనే పరుగుకు దింపుతారు. గెలుపు దక్కనివి మూడు నాలుగేళ్ళకే విశ్రాంత జీవితంలోకి వస్తాయి. లాడాలు ఊడదీసి, కొన్ని నెలలు మేతకు వదిలి, మళ్ళీ జీను వేస్తారు. సరిగ్గా ఆ తొలివారాల్లోనే ఈ కుంటు బయటపడుతుంది.

నేను ఎరిగిన ఒక నాలుగేళ్ళ గోడిగ అలాంటిదే. మామూలు నడకలో లోపమేమీ లేదు. ఇసుకమీద ట్రాట్ చేయించినా లేదు. మొరం నేలమీద కుడివైపుకు వలయం తిప్పినప్పుడు మాత్రం, కుడి ముంగాలు మోపిన ప్రతిసారీ తల ఒక్క అంగుళం పైకి లేచేది. చాలామంది దీన్ని తలకిందులుగా చదువుతారు: తల దిగిన కాలే నొప్పికాలనుకుంటారు. కాని నొప్పి ముంగాలిమీద బరువు తగ్గించుకోవడానికి గుర్రం తల ఎత్తుతుంది, మంచికాలు మోపినప్పుడు దించుతుంది. ఒంటి బరువులో ఇంచుమించు 60 శాతం ముంగాళ్ళదే కాబట్టి ఆ అంగుళం తక్కువదేమీ కాదు.

ఇక్కడ రెండు పక్షాలు బయలుదేరుతాయి. మొదటిది, వెంటనే నాల్‌బందును పిలిచి లాడం కొట్టించమంటుంది. రెండవది, వట్టి గిట్టే ప్రకృతి, కుంటుతూనే అలవాటు పడుతుందంటుంది. ఈ రెండవవారికి క్సెనోఫోన్ అంటే మహా గౌరవం. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దపు ఆ గ్రీకు యోధుడు, మేకులతో దిగ్గొట్టే లాడాలు ఎరుగని రోజుల్లో, గుర్రాన్ని మాలీషు చేసే ఆవరణలో గుప్పిట్లో పట్టేంతటి రాళ్ళను నాలుగైదు బళ్ళు పోయించమన్నాడు, గిట్ట గట్టిపడటానికి. (గిట్ట అడుగున ఉండే త్రికోణపు మెత్తని భాగాన్ని ఆంగ్లేయులు కప్ప అంటే, ఆయన వానకోయిల అన్నాడు. నాకు ఆయన మాటే నచ్చింది.) అయితే ఆ రాళ్ళమీద గుర్రాన్ని ప్రతిదినం కాసేపు నిలబెట్టమన్నాడేగాని, నెలల తరబడి మేసి వచ్చినదాని వీపున రౌతును ఎక్కించి దౌడు తీయించమనలేదు.

గిట్ట గోడ నెలకు ఒక సెంటీమీటరు కూడా పెరగదు. పైఅంచున పుట్టినది ముందుభాగాన నేలను తాకేసరికి ఇంచుమించు ఏడాది పడుతుంది. లాడాలు తీసిన నాలుగు నెలలకు గుర్రం ఇంకా చాలావరకు పాతగిట్ట మీదే నిలబడి ఉంటుంది. మేకుల రంధ్రాల వెంబడి అంచులు పెళ్ళలూడుతాయి, అడుగు పలచగా ఉంటుంది. వానాకాలపు బురదలో నాని, ఎండలో ఎండి ఉంటే మరీను. పైగా పనిలోకి దింపిన గుర్రానికి ఊపిరీ కండరాలూ త్వరగా సిద్ధపడతాయి, ఎముకా స్నాయువూ నిదానం. నాలుగేళ్ళ ప్రాయానికి వెన్నెముక ఎదుగుదల కూడా పూర్తికాదు. కాబట్టి గుర్రపు ఉత్సాహాన్ని చూసి సిద్ధమైందనుకోవడం మనం మోసపోవడమే. నొప్పి గిట్టలోనే ఉందన్న నిశ్చయం సైతం పరీక్షకు ముందే చేసుకోదగినది కాదు.

నా మాట ఇది: తల ఎత్తిన రోజే స్వారీ ఆపాలి. గిట్ట వేడిగా ఉందా, దాని పైకీలు దగ్గర నాడి బలంగా కొడుతోందా అని చేతితో చూడాలి. పశువైద్యుడు గిట్టను పట్టకారుతో నొక్కి చూస్తాడు, అవసరమైతే మత్తుసూదితో ఒక్కొక్క భాగాన్నీ మొద్దుబార్చి నొప్పి చోటు కనిపెడతాడు. అంతవరకూ లాడమా వట్టికాలా అన్న వాదమే అప్రస్తుతం. ఆ గోడిగకు తేలింది గిట్ట అడుగున కమిలిన గాయం. ఆరు వారాలు మెత్తని నేలమీద చేతిపట్టు నడక, తరువాత ముంగాళ్ళకు రబ్బరు జోళ్ళు. రెండు పక్షాలూ అసంతృప్తి చెందాయి.

బడి యజమాని గోడు కూడా వినదగినదే. పని చేయని గుర్రానికీ మేత తప్పదు, సైసుకు జీతం తప్పదు. అందుకే కొన్నిచోట్ల బ్యూట్ అని పిలిచే నొప్పిమందు వేసి తరగతి నడిపిస్తారు. నొప్పి మాత్రమే మాయమవుతుంది, గాయం మీద బరువు పడుతూనే ఉంటుంది. దీన్ని నేను సమర్థించలేను. ఆ వీపుమీద కూర్చున్నది పదేళ్ళ పిల్ల అయినప్పుడు మరీ. ఇలా కొద్దిపాటి కుంటు శాశ్వతపు కుంటయితే ఆ గుర్రం అమ్ముడుపోతుంది. తరువాతి మజిలీ, తారురోడ్డు మీద బ్యాండుమేళాల నడుమ పెళ్ళికొడుకును మోయడం కావచ్చు. ఆరు వారాల మేత ఖర్చును నేను దీనితో పోల్చి చూస్తాను.

పిల్లలను స్వారీకి పంపే తల్లిదండ్రులకు ఒక విన్నపం. జీను వేయకముందు గుర్రాన్ని గట్టినేల మీద ఒక ముప్పై గజాలు ట్రాట్ చేయించి చూపమని అడగండి. పట్టుకున్నవాడు తాడు వదులుగా పట్టాలి, లేకుంటే తల కదలిక తెలియదు. ఒప్పుకోని బడిలో రుసుము కట్టకండి.