మీరు మంచం పడితే మీ కుక్కను ఎవరు చూస్తారు?

ఈసారి వంటింట్లోంచి వాకిట్లోకి వద్దామండీ. అక్కడ పడుకుని ఉంటుందే, మన టామీయో రాజో, దాని గురించి. కరోనా రోజులు పోయినయి కదా, ఇప్పుడెందుకీ ముచ్చట అంటారేమో. అటువంటి రోగం మళ్ళీ రాదని ఎవరు చెప్పొచ్చారు?

2020లో అందరిదీ ఒకటే భయం, కుక్క వల్ల మనకు అంటుకుంటుందేమోనని. హాంకాంగ్‌లో ఒక కుక్కకు వచ్చిందన్న వార్త విని, పెంచిన కుక్కను పొలాల దగ్గర వదిలేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నిజానికి దానికి అంటింది యజమాని నుంచే. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో ఎనిమిది సింహాలకు కరోనా ఉందని సి.సి.ఎం.బి. వాళ్ళు తేల్చారు. వాటికీ మనుషుల నుంచే వచ్చి ఉంటుందన్నారు. లెక్కకు అవే మనల్ని చూసి భయపడాలి! పుకారుకు కాళ్ళెక్కువ. చికెన్ తింటే కరోనా వస్తుందంటే, 2020 ఫిబ్రవరి ఆఖర్న మన మంత్రులే సభ పెట్టి చికెన్ తిని చూపించాల్సొచ్చింది.

అసలు భయం వేరే ఉంది. ఇంటిల్లిపాదీ మంచం పడితే ఎట్లా?

2021 ఎండకాలంలో మా వాడకట్టులో ఒకింట్లో నలుగురికీ వచ్చింది. చుట్టుపక్కల వాళ్ళం మందులు, పాలు గడప ముందు పెట్టి వచ్చేవాళ్ళం. రేకుల కింద గొలుసుతో ఉన్న కుక్కకు నీళ్ళున్నాయో లేవో ఎవరం చూడలేదు. మూడో రోజు ఎదురింటి పెద్దమ్మ మూతికి కొంగు కట్టుకుని వెళ్ళి, గొలుసు విప్పి తన వేపచెట్టు కిందికి తెచ్చుకుంది. చేతులు సబ్బుతో కడుక్కుంది, అంతే. అయితే అది ముద్ద ముట్టదే! ఫోన్ చేసి అడిగితే, పెరుగన్నం తప్ప తినదని తెలిసింది.

అందుకే చెబుతున్నా. మీ కుక్క ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, టీకా ఎప్పుడు వేయించారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. పక్కింటివాళ్ళలో ఒకరితో ముందే మాట అనుకోండి. వారానికోసారి వాళ్ళ చేత్తో అన్నం పెట్టిస్తే, కష్టకాలంలో వాళ్ళ మీద మొరగదు. మిగిలిన కూర కలిపి పెట్టొద్దని కూడా చెప్పండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కలకు పడవు. ఉడికిన కోడి ఎముకలు విరిగి గొంతులో గుచ్చుకుంటాయి.

కాళ్ళకు శానిటైజర్ రాయకండి, అది నాకేస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు చాలు. మూతికి మాస్కు మాటే వద్దు, పాపం దానికి ఊపిరాడొద్దూ!

ఇంకొకటి. లాక్‌డౌన్‌లో పశువుల ఆసుపత్రులకు మినహాయింపు ఉన్నా, భయపడి చాలామంది రేబిస్ టీకా వాయిదా వేశారు. పిచ్చికుక్క రోగం బయటపడితే ఇక బతికించే మందు లేదు, కుక్కకైనా మనిషికైనా. కరిస్తే పసుపు, కారం పెట్టొద్దు. పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకోవాలి. కుక్కలకు వేసే కరోనా టీకా అని ఒకటుంది, అది వాటి పేగుల జబ్బుకు. దాన్ని చూసి మన కరోనాకు అనుకోకండి.

టీకా చీటీ పోపుల డబ్బా పక్కన కాదమ్మా, రేషన్ కార్డు దాచే చోట పెట్టండి.