ఇంగ్లీషు పిరీడులో పిల్లల నోరు పెగలాలి

పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న విశాఖకు పనికి పోయే పల్లె కుర్రాడికి మొదట ఎదురయ్యేది ఇంగ్లీషు బోర్డే. గేటు దగ్గర ఒకటి, క్రేను కింద ఒకటి, కరెంటు ప్యానెల్ మీద ఒకటి. పదో తరగతి ఇంగ్లీషులో మంచి మార్కులే తెచ్చుకున్న కుర్రాడు "లైవ్ వైర్" అన్న బోర్డు ముందు తెల్లమొహం వేస్తే తప్పు ఎవరిది? ఆ అక్షరాలను "లివ్" అని పలికితే జీవించడమని గైడులో వల్లె వేశాడు. అవే అక్షరాలు "లైవ్" అయితే తీగలో కరెంటు ఉన్నట్టని అతనికి ఎవరూ చెప్పలేదు.

హైస్కూళ్ళలో ఇంగ్లీషు పాఠం సాగే తీరు తెలిసిందే. మాస్టారు వాక్యం చదివి తెలుగులో అర్థం చెబుతారు, జవాబులు బోర్డు మీద రాస్తారు, పిల్లలు దించుకుంటారు. పబ్లిక్ పరీక్షలో 100 మార్కులూ రాతకే. మాట్లాడినందుకు ఒక్క మార్కు లేదు. కనుక మాస్టార్లను మాత్రమే నిందించి లాభం లేదు.

అయినా పైసా ఖర్చు లేకుండా చేయగలిగినది చాలా ఉంది. 45 నిమిషాల పిరీడులో 40 మందిని ఒక్కొక్కరుగా లేపి మాట్లాడిస్తే మనిషికి నిమిషం దక్కడమే గగనం. ఇద్దరిద్దరిని జత చేసి 10 నిమిషాలు వదిలితే అందరికీ తలా 5 నిమిషాలు వస్తుంది. గోల అవుతుంది. కానివ్వాలి. హెడ్మాస్టరు గారు వచ్చి గదమాయించకుండా ఉంటే చాలు.

ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాటే వినబడరాదన్న పట్టుదల కూడా సరికాదు. "వచ్చాడు"ను "వచ్చాడా" అంటే తెలుగులో ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లీషులో ముందు "డిడ్" తేవాలి, వెనుక క్రియ మారాలి. రెండు వాక్యాలు పక్కపక్కన రాసి చూపితే పది వ్యాకరణ సూత్రాల పెట్టు.

ఈ జబ్బు కొత్తది కాదు. 1900ల మొదట్లో ఈ ప్రాంతపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలోని తెలుగు జనం నోట ఎందుకు లేదని అడిగాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు, విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు వంటి వారు ఆ ప్రశ్నను వదల్లేదు. వాడుకభాష ఉద్యమం అలా ఊపందుకుంది. నోట లేని భాష బుర్రకెక్కదని తెలుగు విషయంలో ఒప్పుకున్న పెద్దలు ఇంగ్లీషుకు వచ్చేసరికి మరచిపోవడం శోచనీయం.

పైనుంచి పథకాలకు కొదవ లేదు. 2020 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2023-24లో టోఫెల్ శిక్షణ పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక తీసేశారు. వీటిలో ఏది పిల్లవాడి నోరు కదిలించిందో అడిగినవారు తక్కువ.

యూరియా బస్తా, మందుబిళ్ళల అట్ట, బ్యాంకు ఫారం ఉంటే వారం రోజుల పాఠానికి సరిపోతుంది. ఆనందపురం, పద్మనాభం వైపు తల్లిదండ్రులు బడి మీటింగుకు వెళితే మార్కులెన్నని అడిగి వచ్చేయకూడదు. ఈసారి ఖాళీ పురుగుమందు డబ్బా శుభ్రంగా కడిగి పట్టుకెళ్ళి, దాని మీది జాగ్రత్తలు పిల్లవాడి చేత చదివించి అర్థం చెప్పించమని మాస్టారిని అడగాలి.