సగంలో ఆగిన ప్రాజెక్టు.. దాచాలా, చెప్పాలా?

ఏఐ టూల్స్ వచ్చాక ప్రాజెక్టు మొదలుపెట్టడం గంటల పని. పూర్తిచేయడం మాత్రం అంత తేలిక కాలేదు. మరి మీ గిట్‌హబ్‌లో సగంలో ఆగినవాటిని రెజ్యుమెలో పెట్టాలా, దాచేయాలా?

స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం ‘గేమ్ నెవరెండింగ్’ అనే ఆన్‌లైన్ ఆటను పూర్తిచేయలేకపోయింది. ఆ పనిలోంచే 2004లో ఫొటోల సైట్ ఫ్లికర్ పుట్టింది. తర్వాత తెచ్చిన ‘గ్లిచ్’ ఆటా 2012లో మూతపడింది. అది తయారుచేసేటప్పుడు తమలో తాము మాట్లాడుకోడానికి చేసుకున్న టూలే స్లాక్ అయింది. 2021లో సేల్స్‌ఫోర్స్ చేతికి వచ్చేసరికి దాని ధర సుమారు 2,770 కోట్ల డాలర్లు!

అలాగని ఆగిపోయిన ప్రతిదీ స్లాక్ అయిపోదు. ఆట పోయినా అందులో పనికొచ్చే ముక్కను వాళ్లు పట్టుకున్నారు. మీరూ అదే చేయండి. ఎంతవరకు పనిచేస్తోంది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది.. ఈ మూడూ రీడ్‌మీలో రాయండి. లాగిన్ ఒక్కటే పూర్తయితే ‘లాగిన్ మాడ్యూల్’ అనే చెప్పండి. ‘ఈ-కామర్స్ సైట్’ అన్నారో, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ‘డేటాబేస్ గురించి ముందే ఆలోచించలేదు, మధ్యలో మార్చాల్సి వచ్చింది’ అని వివరించగలిగితే అదీ అనుభవమే.

ఈసారి మాత్రం చిన్నది ఎంచుకుని చివరిదాకా తీసుకెళ్లండి. పూర్తయింది ఒక్కటైనా పక్కన ఉంటేనే, ఆగినవాటి గురించి మీరు చెప్పేది నమ్ముతారు.