గూఢచారికి వేరే చట్టమా?

2003 ఫిబ్రవరి 17న, మిట్టమధ్యాహ్నం. ఇటలీలోని మిలాన్ నగరంలో అబూ ఒమర్ అనే ఈజిప్టు మతబోధకుడు మసీదుకు నడిచి వెళుతున్నాడు. ఇటలీ ప్రభుత్వమే ఆయనకు ఆశ్రయమిచ్చి ఉన్నది. ఒక ఇటాలియన్ పోలీసు ఉద్యోగి ఆపి గుర్తింపు కాగితాలు అడిగాడు. అంతలోనే ఆయనను వ్యానులోనికి లాగివేశారు. అవియానో వైమానిక స్థావరం నుండి జర్మనీలోని రామ్‌స్టైన్‌కు, అక్కడి నుండి కైరోకు తరలించారు. వారంటు లేదు, ఏ న్యాయమూర్తి ఉత్తర్వూ లేదు. కైరో చెరసాలలో తాను అనుభవించిన చిత్రహింసలను ఆయనే తరువాత వ్రాశాడు.

ఆయన నిర్దోషి అని మన వాదన కాదు. ఉగ్రవాద ఆరోపణలపై మిలాన్ పోలీసులు అప్పటికే ఆయనపై దర్యాప్తు చేస్తున్నారు. 2013లో అక్కడి న్యాయస్థానం శిక్ష కూడా విధించింది. చట్టప్రకారం సాగుతున్న ఆ దర్యాప్తును మధ్యలో భంగపరచినది అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఏ.

నేరం బయటపడిన తీరు మనవంటి వారికి ఆసక్తికరం. ప్రాసిక్యూటరు అర్మాండో స్పతారో ప్రధానంగా టెలిఫోను కంపెనీల లెక్కలను, హోటళ్ల రిజిస్టర్లను ఆధారం చేసుకున్నాడు. రహస్య విద్యలో ఆరితేరినవారు సెల్‌ఫోనులలో యథేచ్ఛగా మాట్లాడుకున్నారు, ఖరీదైన హోటళ్లలో బస చేశారు. పేర్లు మారుపేర్లే కావచ్చు, రిజిస్టరులోని తేదీ మాత్రం మారదు గదా!

2009 నవంబరు 4న మిలాన్ న్యాయస్థానం 23 మంది అమెరికన్లను, వారి పరోక్షంలోనే, దోషులుగా నిర్ణయించింది. వారిలో 22 మంది సి.ఐ.ఏ. వారు, ఒకరు వైమానిక దళ కర్నలు. 2012 సెప్టెంబరులో అత్యున్నత న్యాయస్థానం దానిని ధ్రువపరచింది. ‘పైవారి ఆజ్ఞ’ అన్న మాట నేరానికి మాఫీ కాదని తేలింది.

అయినా ఇటలీ జైలుకు వెళ్లిన అమెరికన్ ఒక్కడూ లేడు. వారిని అప్పగించుమని అమెరికాను కోరవలసిన న్యాయశాఖ మంత్రులు, రంగు ఏదైనా, ఏళ్ల తరబడి ఆ కాగితాన్ని కదలనీయలేదు. మిలాన్‌లోని సి.ఐ.ఏ. అధిపతి రాబర్ట్ సెల్డన్ లేడీ 2013లో పనామాలో పట్టుబడి కూడా త్వరలోనే అమెరికాకు వెళ్లిపోయాడు. 2015లో ఇటలీ అధ్యక్షుడు శిక్ష తగ్గించాడు. ఇటలీ సైనిక గూఢచార శాఖ మాజీ అధిపతి నికోలో పొల్లారీకి అప్పీలులో పడిన పదేళ్ల శిక్ష 2014లో ‘రాజ్య రహస్యం’ పేరిట రద్దయింది. చివరకు 2016లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఇటలీనే దోషిగా నిలబెట్టి, బాధితునికి 70,000 యూరోలు, భార్యకు 15,000 యూరోలు చెల్లించుమన్నది. ఆ సొమ్ము ఇటలీ పన్ను చెల్లింపుదారులది, అంటే అక్కడి రైలు కార్మికునిది, తపాలా ఉద్యోగిది కూడా.

ఎక్కడో జరిగిన ఈ సంగతి మనకెందుకని అడిగేవారు ఉండవచ్చు. మన రాజ్యాంగపు 311వ అధికరణ ఒక మినహాయింపును చూడండి. ‘రాజ్య భద్రత’ కారణంగా విచారణ అక్కరలేదన్నా, విచారణ ‘ఆచరణసాధ్యం కాదు’ అన్నా, ఉద్యోగిని సంజాయిషీ లేకుండానే ఇంటికి పంపవచ్చు. రైల్వే సమ్మెలలో 14వ నియమం రెండవ ఖండం చేసిన పని అదే; 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థించింది. అడిగినవాని ఉద్యోగం తీయడానికి అక్కరకు వచ్చే భద్రతయే, మనిషిని ఎత్తుకుపోయినవానికి కవచం కూడా అవుతున్నది. నోటిమాటపై పెట్టె విప్పిన గార్డు, ఉత్తరం విప్పిన పోస్టుమాను అట్టి కవచాన్ని ఎన్నడైనా చూశారా?

నేరస్థులను అప్పగించుమని కోరే అధికారం మంత్రి బల్లమీద ఆగరాదు. కోర్టు కోరిన వెంటనే ఆ అభ్యర్థన విదేశానికి వెళ్లాలి. రహస్యమని ప్రభుత్వం చెప్పే కాగితాన్ని కనీసం న్యాయమూర్తి ఒక్కరైనా మూసిన గదిలో చదవాలి. ఏ దేశపు గూఢచారికైనా, మన దేశపు వారితో సహా, ఇదే నియమం వర్తించాలని మన సమాఖ్య కోరవలసి ఉన్నది.