నోటీసు బోర్డు మీద లుంగీ

మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన ఒక నోటీసు బోర్డు ఉంది. నీళ్ల ట్యాంకర్ల లెక్క, మెయింటెనెన్సు బాకీలు, వినాయకచవితి చందా పద్దు, వాటి మధ్య పోయిన వేసవి నుంచి ఒక కాగితం వేలాడుతోంది. లుంగీలతో, నైటీలతో కింద తిరగవద్దని దాని సారాంశం. పైనుంచి ఎవరో రుద్దింది కాదు, జనరల్ బాడీలో చేతులెత్తి మేమే ఆమోదించాం. నా చెయ్యీ లేచింది. మీటింగు అయ్యాక ఇంటికొచ్చి, ప్యాంటు విప్పి కొక్కేనికి తగిలించి, లుంగీ చుట్టుకుని ఫ్యాను కింద కూలబడి 'అమ్మయ్య' అనుకున్నాను. రాత్రి చెత్తబుట్ట కింద పెట్టడానికి మళ్లీ ప్యాంటెక్కించాను.

మేమేం కొత్త దారి తొక్కలేదు. 2023 జూన్‌లో గ్రేటర్ నోయిడాలో ఒక అపార్ట్‌మెంటు సంఘం ఇలాంటి నోటీసే పెట్టి దేశమంతా వార్తల్లోకెక్కింది. మాది ఎక్కలేదు, అంతే తేడా.

మా నోటీసులో నిక్కర్ల ఊసు లేదు. తొడలు కనబడే నిక్కరుతో సెక్రటరీగారు పొద్దున్నే చుట్లు కొడతారు, అది ఆరోగ్యం. మడమల దాకా దిగిన లుంగీ మాత్రం అసభ్యం. అంటే ఒళ్లు ఎంత కనబడుతోందన్నది మా బాధ కాదన్నమాట. మరి దేన్ని చూసి సిగ్గుపడ్డాం?

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ వాళ్ల నాన్న ఊరి నుంచి వచ్చాడు. మనవరాలికి మామిడికాయల సంచీ తెచ్చాడు. గళ్ల లుంగీ, పైన తువ్వాలు. లిఫ్టు దగ్గర నిలబడితే మాలో ఒకాయన బోర్డు వైపు వేలు చూపించాడు. చదువు రాని మనిషికి వేలు చూపిస్తే ఏమర్థమవుతుంది? ఆ విసుగు మాత్రం అర్థమైంది. "తప్పయింది బాబూ" అని సంచీ ఎత్తుకుని మెట్ల వైపు నడిచాడు. నేను లిఫ్టులోనే ఉన్నాను. తలుపు దానంతటదే మూసుకుందో, నేనే మీట నొక్కానో, నిజంగా నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి దాన్ని నేను నమ్మను.

ఇలాంటివి బయటపడ్డప్పుడల్లా మనకు కోపం వస్తుంది, పక్కవాళ్ల మీద. 2024 జూలైలో బెంగళూరులో ఒక కొడుకు తండ్రిని సినిమాకు తీసుకెళ్తే, పంచె కట్టుకున్నాడని మాల్ గుమ్మంలో ఆపేశారు. కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను వారం పాటు మూయించింది. అంతకు పదేళ్ల ముందు, 2014 జూలైలో, చెన్నైలో సాక్షాత్తూ హైకోర్టు న్యాయమూర్తినే వేష్టి, అంటే మన పంచె, కట్టుకున్నాడని ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది: వేష్టి కట్టుకున్న మనిషిని అడ్డుకుంటే క్లబ్బు లైసెన్సు పోతుంది. బావుంది. అయితే మాల్‌కు తాళం వేసే ప్రభుత్వాలున్నాయి గానీ, మా నోటీసు బోర్డుకు తాళం ఎవరు వేస్తారు? అది మాకు మేమే రాసుకున్న శాసనమాయె.

పంచె మీద మనకు ప్రేమ లేదని కాదు. సంక్రాంతికి ఆఫీసుల్లో 'ట్రెడిషనల్ డే' పెట్టి, వెల్క్రో అంటించిన పంచెల్లో ఫోటోలు దిగుతాం. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి పాదయాత్ర చేస్తే ఆ పంచెకట్టులో తెలుగుదనం చూశాం. వెంకయ్యనాయుడు ఢిల్లీలో తెల్ల పంచెతో తిరిగితే మురిసిపోయాం. అదే గుడ్డకు గళ్లు పడి, రంగు వెలిసి, కట్టినవాడు హమాలీయో, జాలరో, పాతబస్తీ సాయిబో అయితే మన ముఖం మారుతుంది. సినిమాలోనూ పెద్దమనిషికి జరీ అంచు పంచె, రౌడీకి గళ్ల లుంగీ. గుడ్డ వైపు చూస్తున్నామని అనుకుంటూ కట్టినవాడి స్థాయిని కొలుస్తున్నాం.

ఈ కొలత పాతదే. 1930లో రామనాథపురం ప్రాంతంలో ఆధిపత్య కులంవాళ్లు దళితుల మీద పెట్టిన ఆంక్షల్లో ఒకటి, మగవాళ్ల గుడ్డ మోకాలి కిందికి దిగకూడదని. గుడ్డ మోకాలు దాటితే తన్నులు తిన్న తాతలున్న దేశంలో, అంబేడ్కర్ సూటు తొడుక్కుని నిలబడటం ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు. అందుకే అందరూ ప్యాంట్లు వదిలేసి పంచెలు కట్టండని నేను అనను. ప్యాంటు కొందరికి గౌరవం తెచ్చిపెట్టింది. దాన్ని వాళ్ల నుంచి లాగేసుకునే హక్కు సంప్రదాయం పేరెత్తే ఎవరికీ లేదు. నా గొడవ ప్యాంటు మీద కాదు, ఆ గుమ్మం దగ్గరి వేలు మీద.

లుంగీలో మగాడి ఒంటికి ఎలా ఉంటుందో మనకు పుస్తకాలు చెప్పక్కర్లేదు. కాళ్ల మధ్య గాలి ఆడుతుంది. మెట్లెక్కేటప్పుడు ముందు కొస ఒక వేలితో ఎత్తిపట్టాలి, లేకపోతే కాలికి తట్టుకుంటుంది. స్కూటరెక్కితే తొడల కింద అదిమి కూర్చోవాలి. బస్టాపులో ఈదురుగాలి కొడితే రెండు చేతులూ చాలవు. నడుం దగ్గర ముడి మీద మనసులో ఒక మూల ఎప్పుడూ కాపలా ఉంటుంది. చిల్లర డబ్బులూ బీడీకట్టా రొంటిన ఉంటాయి. పనిలో దిగాలంటే ఎగగడతాం, పెద్దవాళ్లు ఎదురైతే జార్చి కిందికి వదులుతాం. ఆ జార్చడంలో ఉన్న మర్యాద ఏ ప్యాంటులోనూ లేదు. ఒక్క గుడ్డతో ఇన్ని మాటలు మాట్లాడటం తెలిసినవాళ్లం.

మన ఎండకు అది తగిన బట్ట కూడా. 2017 జూన్ వడగాడ్పుల్లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో బస్సు డ్రైవర్లు లంగాలు వేసుకుని పనిలోకి వచ్చారు. మగవాళ్లు నిక్కర్లు వేసుకోకూడదని కంపెనీ నియమం, ఆడవాళ్లకు లంగాలకు మాత్రం అనుమతి. మరి మేమూ లంగాలే వేసుకుంటామన్నారు మగ డ్రైవర్లు. వాళ్లకది నిరసన. మనకు మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో రోడ్డు కరుగుతుంటే జీన్సు ప్యాంటులో ఉడికిపోతూ పార్సిళ్లు మోసే కుర్రాళ్లు కనబడతారు. వాళ్లలో ఒక్కడు లుంగీతో వస్తే తలుపు తీసినవాళ్లు ఏమంటారో నాకు తెలుసు, ఎందుకంటే నేనేమంటానో నాకు తెలుసు. ఫిజీ పోలీసుల యూనిఫాంలో లుంగీలాంటి తెల్లని సులూ ఉంది, అంచుకు రంపపు పళ్ల కోతతో. బర్మాలో తమ లుంగీ అయిన లొంజీతో ఆఫీసులకు వెళ్తారు. వాళ్ల మగతనానికి లోటేం రాలేదు.

ఇక్కడిదాకా చాలామంది తలూపుతారు. లుంగీ మనదేగా. అసలు పరీక్ష లంగా దగ్గర మొదలవుతుంది.

మా అబ్బాయి స్నేహితుడు ఒకడు, ఇంజనీరింగు మూడో సంవత్సరం, ఒకరోజు నిజంగానే స్కర్టుతో మా ఇంటికొచ్చాడు. నల్లది, పొడుగుది. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో అలాగే వచ్చాడట. నాకు నోట మాట రాలేదు. మా అమ్మ మాత్రం పప్పు రుబ్బుతూనే ఎగాదిగా చూసి, "మీ నాన్న అడ్డపంచె కంటే ఇదే నయం, పిక్కలు కనబడట్లేదు" అంది. ఆ మాటతో గది తేలికపడింది.

ఎలా ఉందిరా అనడిగాను.

"బట్ట బావుంది అంకుల్. చూపులే బాలేవు" అన్నాడు. ముగ్గురు ఫోన్లు ఎత్తి వీడియో తీశారట. ఒకాయన పిల్లాడి మొహం అటు తిప్పేశాడట. మెట్రో మెట్ల మీద గాలి కింద నుంచి కొడుతుందని ఆ రోజే తెలిసిందట. సీట్లో మోకాళ్లు దగ్గర పెట్టి కూర్చోవాలని, వంగి ఏదైనా తీసుకోవాలంటే ముందు వెనక్కి చూసుకోవాలని, ఫోను పెట్టుకోవడానికి జేబే లేదని. "అమ్మాయిలు రోజూ ఇన్ని లెక్కలు వేసుకుంటారా?" అనడిగాడు. మా అమ్మాయి పక్కగదిలోంచి "ఇంకా చాలా ఉన్నాయ్ రా" అంది.

నేను ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. వాడి స్కర్టుకూ నా లుంగీకీ దర్జీ దృష్టిలో తేడా ఒక నాడా మాత్రమే. మరి నన్ను చూసి ఎవరూ ఫోనెత్తరు. వాడు ఆడదాని బట్ట వేసుకున్నాడు, అదీ నేరం. అమ్మాయి ప్యాంటు వేసుకుంటే ఎదిగిందంటాం. అబ్బాయి పావడా వేసుకుంటే దిగజారాడంటాం. ఎక్కడం ఎటువైపో, దిగడం ఎటువైపో మనసులో ముందే గీసిపెట్టుకున్నాం కాబట్టే ఆ మాటలు తడుముకోకుండా వస్తాయి.

మన రాజకీయాల్లో ఒక ఆచారం ఉంది. పని చేయని అధికారికి, మాట తప్పిన నాయకుడికి పళ్లెంలో చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టి పంపుతారు. "గాజులు తొడుక్కుని కూర్చున్నావా?" అని మైకులో అరుస్తారు. ఆ పళ్లెం మోసుకెళ్లేది చాలాసార్లు మహిళా విభాగం కార్యకర్తలే. తమ చేతి గాజుల్ని తామే తిట్టుగా మోసుకెళ్లడం చూస్తే గుండె చివుక్కుమంటుంది. పొలంలో నాట్లు వేసేదీ, బీడీలు చుట్టేదీ, తెల్లారకముందే రోడ్లు ఊడ్చేదీ గాజుల చేతులే. చేతకానితనానికి గుర్తుగా మనకు దొరికింది అవేనా?

2013లో ఇరాన్‌లోని మరివాన్ పట్టణంలో కోర్టు ఒక శిక్ష వేసింది: దోషికి కుర్దు ఆడవాళ్ల బట్టలు తొడిగి ఊరేగించమని. అక్కడి ఆడవాళ్లు వీధిలోకొచ్చి నిరసన తెలిపారు. తర్వాత కుర్దు మగవాళ్లు ఒక్కొక్కరే తమ ఆడవాళ్ల దుస్తులు వేసుకుని ఫోటోలు దిగి బయటపెట్టారు. మీసాలు, గడ్డాలు, మెరిసే పూసల గౌన్లు. ఆడమనిషిగా ఉండటం ఎవరికీ శిక్ష కాలేదని చెప్పడానికి. ఊరేగించినవాళ్లు వెక్కిరింతగా వాడిన గుడ్డని వాళ్లు తలమీద పెట్టుకున్నారు. మన దగ్గర అంతటి తెగువ నేను ఆశించను. కనీసం ఆ పళ్లెం పంపడం మానగలమా?

మనకు చేతకానిదేం కాదిది. నటుడు స్థానం నరసింహారావు స్టేజీ మీద చీరలో నిలబడితే ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకొచ్చాయి. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ జడ విసిరితే ఆడవాళ్లే ఆ వయ్యారం చూసి నివ్వెరపోయారు. 'నర్తనశాల'లో ఎన్టీఆర్ బృహన్నల అయితే హాళ్లు దద్దరిల్లాయి. వేదిక మీద చేతులెత్తి మొక్కినదాన్ని వీధిలో చూసి వీడియో తీస్తాం.

బృహన్నల అంటే గుర్తొచ్చింది. విరాటపర్వంలో కౌరవ సేనను చూసి రథం దిగి పరుగందుకున్న ఉత్తరుణ్ణి పట్టుకోవడానికి బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడతాడు. జడ ఎగురుతోంది, ఎర్రని వస్త్రాలు రెపరెపలాడుతున్నాయి. అది చూసి కౌరవ సైనికుల్లో కొందరు నవ్వారు. కాసేపటికి ఆ నవ్విన సైన్యం ఏమైందో మనకు తెలుసు. మగబట్టల్లో ఉన్న రాజకుమారుడి పేరు మాత్రం 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అని మన నోళ్లలో మిగిలింది. ఇంత చక్కగా చెప్పిపెట్టిన కథ విని, తరాలుగా మనం ఆ నవ్విన సైనికుల పక్కనే నిలబడుతున్నాం.

అందుకే తోటి మగవాళ్లను అడుగుతున్నాను, నాన్నలను, పంతుళ్లను, సంఘాల సెక్రటరీలను. కాలేజీ డే స్కిట్‌లో అబ్బాయికి చీర కట్టి స్టేజీ మీదికి తోసేది నవ్వడానికేనా, ఒక్కసారి ఆలోచించండి. ఏడ్చే కొడుకుతో 'ఆడపిల్లలా ఏంట్రా' అన్నప్పుడు పక్కనే ఉన్న కూతురి మొహం చూడండి. పార్టీ ఏదైనా సరే, గాజుల పళ్లెం బయల్దేరితే కార్యకర్తగా మీరే ఆపండి. అవతలి పార్టీ పళ్లెం మీద కోప్పడటం ఎవరికైనా సులువే.

ఇక మా అపార్ట్‌మెంటు. వచ్చే ఆదివారం మళ్లీ జనరల్ బాడీ. ఆ నోటీసు తీసేయాలని ఒక కాగితం రాసి, కింద సంతకాలకు జాగా వదిలి, ఇంటింటికీ తిరిగాను. వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి వాళ్ల నాన్న మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగితే, "రాడు సార్, ఆయాసం" అన్నాడు. ఆయాసమేనా అని నేను అడగలేదు. కాగితం మీద నిన్నటికి నాలుగు సంతకాలు పడ్డాయి. ఒకటి నాది. మిగిలిన మూడూ నైటీ మీద చున్నీ కప్పుకుని తలుపు తీసినవాళ్లవి.