తెనాలి నుంచి రేపల్లె దాకా చాలు

కొత్తవాళ్లకు యాత్రారచన పోటీ అనగానే చాలామంది మనసు కాశ్మీరుకో, సింగపూరుకో పరుగెడుతుంది. అక్కడే వస్తుంది చిక్కు: మంచి యాత్రారచనకు దూరమే కావాలని లేదు.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి వెళ్లిన మాట నిజమే. 1830 మేలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ ఇవాళ్టికీ చదివిస్తోందంటే కారణం కాశీ ఒక్కటే కాదు. బాట ఎలా ఉంది, ఏ మజిలీలో ఏం దొరుకుతుంది అన్నీ రాసుకున్నాడు. మిత్రుడికి రాసిన ఉత్తరాలు కాబట్టి బడాయీ తక్కువే.

అందుకే పోటీకి తెనాలి–రేపల్లె రైలు దారినే ఇవ్వాలి. కోతల ముందు జంపనిలో దిగితే, వరి ఇంకా నిలబడి ఉండగానే చేలో మినుములు చల్లే రైతు కనిపిస్తాడు. ఎందుకలా? నేలలో మిగిలిన తడితోనే ఆ పైరు ఎదగాలి మరి! ఈ ప్రశ్న సెల్ఫీ తీసుకునేవాడికి తట్టదు.

ఆ దారిలోనే భట్టిప్రోలు. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ తవ్వించిన స్తూపంలో బ్రాహ్మీ అక్షరాలున్న ధాతుకరండాలు (అస్థికలు దాచే పెట్టెలు) దొరికాయి. రాయడానికి అదీ ఉంది.

పోటీకి పంపే రచన నిడివి నాలుగు పేజీలు మించకూడదు. గడువు సంక్రాంతి దాకా పెడితే, కోసిన మళ్లలో మినుము ఎంత ఎదిగిందో కూడా చూసి రాయొచ్చు.