ఏది ముందు వ్రాయవలెను?

పెనుగంచిప్రోలున 1877వ సంవత్సరమున జనించిన కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావు గారు తెలుగువారి కొఱకు రెండు మహత్కార్యములు తలపెట్టిరి. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి ప్రజకు వెంటనే కావలసిన దేదో ఎంచి, దానినే ముందు అచ్చొత్తించినది. 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాము లింకను చరిత్రము, 1910లో చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము, వానితోపాటు శాస్త్రగ్రంథములు ఇట్లు వెలువడినవే. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమో, అకారాది క్రమమున సాగినది. 1923లో లక్ష్మణరావు గారు కాలధర్మము నొందునప్పటికి అది వర్ణమాలలో తొలిమెట్టు వద్దనే యున్నది. ఆ మహనీయుని పాండిత్యమునందు గాని శ్రమయందు గాని లోపమెంచగలవా రెవరు? ఆయువు పరిమితము, అకారాది అపరిమితము.

ఈ కథను ఇప్పుడు స్మరించుటకు కారణము కలదు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల విత్తనపు వర్తకులు, నారుమళ్ల యజమానులు, రైతు సంఘములవారు సయితము తమ సరకును గూర్చి అంతర్జాలమున వ్రాయింప మొదలిడిరి. దీనికి కంటెంట్ మార్కెటింగ్ అని పేరు. సరకును పొగడుటకు మాఱుగా, కొనువానికి పనికివచ్చు విషయము చెప్పి వాని విశ్వాసము సంపాదించుట దీని తత్త్వము. ఇది మనకు క్రొత్త గాదు. కృష్ణా మండలమున ఎలకుఱ్ఱు గ్రామమున పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయియందు అమృతాంజనము స్థాపించి, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను ప్రారంభించిరి. అన్యులు మందు అమ్ముటకు పత్రిక నడుపుదురు. పంతులు గారు పత్రిక నడుపుటకు మందు అమ్మిరి. ఈ భేదము నేటి ప్రచారకులు ఇంచుక మనసున నుంచుకొనవలసినది.

ఇప్పుడు వచ్చిన మార్పేమి? పూర్వము గూగుల్ వంటి అన్వేషణ యంత్రము అడిగినవానికి పది దారులు చూపి తాను తొలగెడిది. 2024 ఆగస్టు మొదలు మన దేశమునను ఆ దారులకు పైభాగమున కృత్రిమ మేధ కూర్చిన జవాబే కానవచ్చుచున్నది. జవాబు చేతికందినవాడు దారిబట్టి నడచునా? 2025 మార్చిలో అమెరికాలోని 900 మంది వాడుకను ప్యూ పరిశోధన కేంద్రమువారు పరిశీలించిరి. అట్టి జవాబు లేనపుడు నూటికి 15 మారులు ఏదో యొక లంకెను తెఱచుచుండగా, జవాబున్నపుడు 8 మారులే తెఱచిరి. జవాబులోనే చూపిన ఆధారమును తెఱచినది నూటి కొక్కమారు!

ఇది వినిన వర్తకుడు "వ్రాయుట యెందులకు? పంట మనది, కళ్లము వారిది" యని నిట్టూర్చును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. పూర్వము మన ప్రత్తి ఓడలనెక్కి మాంచెస్టరునకు పోయి, బట్టయై తిరిగివచ్చి మన యంగళ్లలోనే మనకు అమ్ముడైనది. నేడు మన యనుభవము అట్లే పోయి జవాబై తిరిగివచ్చుచున్నది. కాని ఆనాడు దేశీయులు చేసిన దేమి? ప్రత్తి పండించుట మానలేదు, రాట్నము పట్టిరి.

వ్రాయక యుండుటవలని ఫలమును మన మిరప రైతు ఎఱుగును. 2021–22 పంటకాలమున నల్ల తామరపురుగు ఉభయ తెలుగు రాష్ట్రముల మిరపతోటలపై బడినది. పూత రాలినది, మందుమీద మందు చల్లి అప్పులపాలైనవారును, తోటలనే పీకివైచినవారును కలరు. అట్టి వేళ మునేటి యొడ్డున నున్న రైతు చేతిలోని ఫోను నడుగును. ఎనిమిది కోట్లకు పైబడినవారు మాతృభాషగా చెప్పుకొన్న తెలుగున అంతర్జాలమునందలి వ్రాత అత్యల్పము. మన నల్లరేగడిలో ఏ కార్తెన నారు పోసిన తోట తట్టుకొన్నది, ఏ మందు వృథా యైనది అను మాట ఎవ్వరును వ్రాసియుండనిచో, యంత్రము ఊరకుండునా? ఎక్కడి పొలమునకో చెప్పిన మాటను మన పొలమునకు అంటగట్టును. తప్పు జవాబునకు వెల యిచ్చువాడు రైతు.

కావున ముందు వెనుకలు నిర్ణయించుకొనవలెను. "మిరప వలన ప్రయోజనములు", "ఎరువుల ప్రాముఖ్యము" అను శీర్షికలతో నింపిన పుటలు వేయి కలవు. వానిని యంత్రమే క్షణములో వ్రాయగలదు. వానికై కూలి యిచ్చుట ధనమును మునేట గలుపుట. తానుదప్ప అన్యుడు చెప్పజాలనిది, చెప్పనిచో అడిగినవానికి నష్టము కలిగించునది ఏదో, అదియే మొదటి పుట. ఒక నారుమడి యజమాని గడచిన అయిదేండ్ల లెక్కను, తన పొరపాట్లతో సహా, తేదీలతో ప్రకటించెనా, అది వంద పొగడ్తలకు మించినది. పొరపాటు ఒప్పుకొనుమన్నచో మన వర్తకులు బెదరుదురు. కొనువాడు నమ్మునది మాత్రము దానినే.

తిరుపతమ్మ తిరునాళ్లకు వచ్చు యాత్రికుల సంగతియు నట్టిదే. ఉత్సవములు తిథినిబట్టి జరుగును. ఇంగ్లీషు తేదీ ఏటేట మాఱును. అమ్మవారి విగ్రహములు రంగుల కొఱకు రెండేండ్ల కొకమారు జగ్గయ్యపేటకు పోవును. ఈ యేటి తేదీ ముందుగా వ్రాసి యుంచనిచో, యంత్రము నిరుటి తేదీ చెప్పి బండి కట్టించును. స్థలపురాణము పదిమారులు వ్రాయించుటకంటె, ఈ యేటి తేదీ, బస్సు వేళలు, సత్రముల వివరము ఒక్కమారు సరిగా వ్రాయుట మేలు. భక్తుడు కోపగించినను మా మాట ఇదియే.

ఇందు విద్వాంసుల సాక్ష్యమును కలదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము, ఢిల్లీ ఐఐటీ మున్నగు సంస్థల పరిశోధకులు 2023లో ప్రకటించిన వ్యాసమున, ఆధారములు, అంకెలు, ఇతరుల మాటల యుదాహరణములు గల పుటలు యంత్రపు జవాబులలో హెచ్చుగా కనబడుననియు, ఒకే మాటను పదేపదే గ్రుచ్చు పాత చిట్కా అంతగా పనిచేయలేదనియు తేల్చిరి. క్రింది వరుసలలో నున్న పుటలకే ఆధారములు చూపుటవలన ఎక్కువ లాభము కలిగెననియు వారే వ్రాసిరి. చిన్న వర్తకునకు ఇంతకంటె శుభవార్త యేమి?

అంతయు ధారపోయు మని మేము చెప్పుట లేదు. నేల చూచి చెప్పవలసినది, విత్తు చేతబట్టి పరీక్షించి చెప్పవలసినది అంగడిలోనే యుండును; ఆ పనికై మనుష్యుడు మనుష్యుని వద్దకు రాక తప్పదు. పుటకు వచ్చినవారి సంఖ్యను లెక్కించుట కూడ ఇక తగ్గింపవలెను. అంగటికి వచ్చిన రైతును "మా మాట ఎక్కడ వింటివి?" అని యడిగి చీటీపై వ్రాసికొనుట నేటికి మంచి లెక్క.

మిరప నారు పోయు కాలము దూరములో లేదు. నారుమళ్ల యజమానులారా! అయిదేండ్ల పాత చిట్టాలు అటుకపైనుండి దింపుడు. మొదటి పుట అందులోనే యున్నది.